డ్రైవరమ్మ కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్

పగలంతా బస్సు నడిపే మనిషి, బస్సు దిగాక తెర మీద బొమ్మ బస్సు నడపడానికి కంప్యూటర్ కొంటానంటే ఎవరైనా నవ్వుతారు. డిపోలో అందరూ నవ్వారు. మెకానిక్ అయితే చేతిలో పానా కింద పెట్టి మరీ నవ్వాడు. డ్రైవరమ్మ వాళ్ళ నవ్వు పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, "అయిందా? ఇక నా బండి వైపర్ సంగతి చూడు" అంది. ఆవిడతో వచ్చిన చిక్కే అది. ఒకటి అనుకుందంటే ఎదుటివాళ్ళ నవ్వూ లెక్కలోకి రాదు, ఏడుపూ రాదు.

అసలు పేరు వేరే ఉన్నా డిపోలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. నలభై దాటింది. దూరపు బస్సు ఆమెది. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అవతలి ఊరు చేరుతుంది, మర్నాడు పొద్దున మళ్ళీ ఇటు వస్తుంది. అంత దూరం ఒక్కరే నడపకూడదు కాబట్టి బస్సుకు ఇద్దరు డ్రైవర్లు. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర సీటు మారతారు. మారేటప్పుడు దిగే డ్రైవరు ఎక్కే డ్రైవరుకు మూడు ముక్కలు చెప్పాలి: బండి ఎలా ఉంది, ఏం చూసుకోవాలి, వెనక జనం ఎలా ఉన్నారు. "బండి బాగుంది. కుడి అద్దం వదులైంది, చూసుకో. జనం నిద్రలో ఉన్నారు." ఇంతే. ఈ నియమం ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. కానీ ఆ మూడు ముక్కలూ చెప్పకుండా దిగిపోయిన డ్రైవర్ని మిగతా డ్రైవర్లు మనిషి కింద జమకట్టరు.

చాలా ఏళ్ళ పాటు ఆమెకు జోడీగా నడిపిన డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని డిపో అంతా నిదానం అని పిలిచేది. ఆయన వెనక చిక్కుకున్న లారీలు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయేవి తప్ప ఆయన వేగం పెంచిన పాపాన పోలేదు. డ్రైవరమ్మ కొత్తగా చేరినప్పుడు ఆడమనిషితో జోడీ కట్టడానికి ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పి తప్పుకున్నారు. నిదానం ఒక్కడే ముందుకొచ్చి, "నాతో వేయండి. నేను కునుకు తీస్తే లేపడానికి ఒకరు కావాలి కదా" అన్నాడు. ఆమెకు వాన రోడ్డు మీద బ్రేకు ఎలా తొక్కాలో, మొండి ప్రయాణికుడికి ఎలా నచ్చజెప్పాలో నేర్పింది ఆయనే. ఆమెను "అమ్మాయ్" అనేవాడు. ఆమె ఆయన్ని "అన్నా" అనేది.

అలాంటి మనిషి రెండేళ్ళ కిందట బండిని డిపో గేటు స్తంభానికి గీరాడు. ఆ తర్వాత ఒకరోజు ఎడమ పక్క నుంచి వస్తున్న సైకిలు మనిషి ఆయనకు కనపడనే లేదు. డ్రైవరమ్మ "ఎడమ" అని గట్టిగా అరిచింది కాబట్టి సరిపోయింది. బంకు దగ్గర దిగాక ఆమె సూటిగా అడిగింది.

"అన్నా, కళ్ళు చూపించుకో. నువ్వు వెళ్తావా, నన్ను ఆఫీసులో చెప్పమంటావా?"

"నా కళ్ళకేమైంది? ఎదురుగా ఉన్న బోర్డు నీకంటే ముందు నేనే చదువుతా."

అది నిజమే. ఎదురుగా ఉన్నది ఆయనకు సూదిలో దారం ఎక్కించేంత బాగా కనపడేది. ఆయన వెళ్ళలేదు. ఆమె ఆఫీసులో చెప్పేసింది. డాక్టరు చూసి, చూపు చుట్టూ అంచుల నుంచి మూసుకొస్తోందని, గొట్టంలోంచి చూసినట్టు నడిమి చూపే మిగిలిందని, అదీ మెల్లమెల్లగా ఇంకా సన్నబడుతుందని తేల్చాడు. లైసెన్సు పోయింది. అవతలి ఊరి డిపోలో, పార్సెల్ కౌంటర్లో పని ఇచ్చారు. ఆయన ఊరు కూడా అదే. ఆఖరి రోజున నిదానం తాళాలు సీటు మీద పెట్టి, మూడు ముక్కల్లో ఒక్కటి కూడా చెప్పకుండా దిగి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆమెను "మీరు" అంటున్నాడు. "దారి బాగుందా మీకు? టీ తాగారా?" తిట్టినా బాగుండేది. ఆ మర్యాద విన్నప్పుడల్లా ఆమెకు చెంప మీద కొట్టినట్టు ఉండేది.

తాను చేసింది తప్పని డ్రైవరమ్మ ఒక్క పూట కూడా అనుకోలేదు. ఇవాళ జరిగినా అదే పని చేస్తుంది. బస్సు నిండా జనం ఉంటారు మరి. కానీ తప్పు చేయకుండానే మనిషిని పోగొట్టుకోవడం ఏం న్యాయం? అది ఆమెకు మింగుడు పడలేదు. సాయంత్రాలు అవతలి డిపోలో చూసేది. కౌంటరు మూసేశాక నిదానం బయట బెంచీ మీద ఒక్కడే కూర్చునేవాడు. ఏ బస్సన్నా ఆవరణలోకి కాస్త జోరుగా వచ్చిందంటే, ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను తొక్కేది. ఆ కాలు చూసిన రోజే డ్రైవరమ్మ తీర్మానం చేసుకుంది. ఈయన చేత మళ్ళీ బండి నడిపించాలి. ఎవరికీ ప్రమాదం లేని బండి. ఆ మిగిలిన కాస్త చూపూ పోకముందే.

ఆ బండి ఆమెకు ఇంట్లోనే దొరికింది. ఇంట్లో ఆమె, ఆమె చెల్లెలు ఉంటారు. చెల్లెలు దుకాణాల బోర్డులు డిజైన్ చేస్తుంది, పని అయ్యాక అదే కంప్యూటర్లో ఆటలు ఆడుతుంది. ఒక ఆటలో లారీలూ బస్సులూ నడపాలి. అందులో ఇండికేటర్ వేయకుండా మలుపు తిరిగితే జరిమానా కూడా పడుతుంది. డ్రైవరమ్మ చెల్లెలి కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"గేరు వేసేటప్పుడు అంత తొందరేమిటే నీకు? ఇంజను ఏడుస్తోంది."

"ఇది ఆట అక్కా. నాకు లైసెన్సు ఇవ్వమని నిన్నేం అడగట్లేదు."

"ఈ ఆట నాతో తీసుకెళ్ళాలంటే ఏం కావాలి?"

చెల్లెలు కుర్చీ తిప్పి అక్క ముఖం చూసింది. అడుగుతున్నది నిజంగానే అని అర్థమయ్యాక హుషారెక్కింది. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంది, గ్రాఫిక్స్ కార్డు గట్టిది ఉండాలంది, తెర ఎంత పెద్దదైతే అంత మజా అంది. డ్రైవరమ్మ దారి మీద ఉండే రోజుల్లో ఆమెకు, ఇంట్లో ఉండే రోజుల్లో తనకు అని అప్పటికప్పుడు వాటా కూడా వేసేసుకుంది. ఇదంతా ఎవరి కోసమో అక్క చెప్పాక, కొని నిదానం గదిలో పెట్టేస్తే సరిపోదా అని అడిగింది కూడా.

"పెట్టె కూడా విప్పడు. నేను పక్కన కూర్చుంటేనే ముట్టుకుంటాడు. అప్పుడైనా ముట్టుకుంటాడో లేదో."

దుకాణంలో అమ్మకాల ఉద్యోగి మంచివాడే, కానీ నోరు ఆగని రకం. కీబోర్డు కింద రంగు దీపాలు ఎన్ని రకాలుగా వెలుగుతాయో చూపించాడు. డ్రైవరమ్మ దీపాలు ఆర్పేయమంది. చార్జరు బయటికి తీయమంది. దాన్ని చూసి, "ఇది చార్జరా, ఇటుకా?" అంది. ల్యాప్‌టాపూ చార్జరూ రెండూ తన డ్యూటీ సంచిలో పెట్టి, పక్కన నీళ్ళ సీసా, తువ్వాలు కూడా కుక్కి, భుజాన వేసుకుని దుకాణం మెట్లు ఎక్కి దిగింది. ఉద్యోగి ఎవరైనా ఎత్తుకుపోతున్నారేమో అన్నట్టు తలుపు దగ్గర కాపలా కాశాడు.

"ఆట పెట్టి వదిలెయ్ తమ్ముడూ. వేడెక్కాక ఎలా ఉంటుందో చూడాలి."

"కొత్తదండీ. వేడెక్కినా ఏం కాదు."

"కొత్త బండైనా ఎత్తు ఎక్కిస్తేనే తెలిసేది."

అన్నిటికంటే పెద్ద తెర ఉన్న దాన్నే తీసుకుంది. బరువు నచ్చలేదు, ఫ్యాను రొద అంతకన్నా నచ్చలేదు. కానీ చూపు తగ్గిన మనిషికి తెర పెద్దదిగా ఉండాలని ఆమె లెక్క. చెల్లెలు అదే అంది, ఉద్యోగీ అదే అన్నాడు. ముగ్గురికీ ఒకే మాట తోచింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నచ్చకపోతే వారంలోగా మార్చుకోవచ్చని మాత్రం దుకాణం యజమానిని ఒప్పించింది. రోడ్డెక్కించి చూడకుండా తాను ఏ బండీ కొననని చెప్పేసింది.

అవతలి డిపోలో డ్రైవర్ల విశ్రాంతి గది పొడుగ్గా, సన్నగా ఉంటుంది. గోడ వెంబడి మంచాలు, కిటికీ కింద ఒక బల్ల, దాని పక్కన ఒకే ఒక్క ప్లగ్గు. ఆ గదిలో ఒక చట్టం ఉంది. నిద్రపోయే డ్రైవర్ దగ్గర చప్పుడు చేయకూడదు. తుమ్ము వచ్చినా బయటికి వెళ్ళి తుమ్మాలి. డ్రైవరమ్మ ఆ సాయంత్రం నిదానాన్ని ఎలాగో బతిమాలి లోపలికి తీసుకొచ్చి, బల్ల ముందు కూర్చోబెట్టి, చెల్లెలు ఇచ్చిన చేతి కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టింది.

"ఏమిటండీ ఇది?"

"స్టీరింగు. బండి నడుపు అన్నా."

ఆయన కంట్రోలర్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. కుతూహలం దాచుకోవాలనుకున్నాడు గానీ దాగలేదు. బండి కదిలింది. ఒక్క నిమిషం అంతా బాగానే సాగింది. తర్వాత ఎడమ పక్క ఆగి ఉన్న కారును రాసుకుంది. వెంటనే కుడి పక్క రెయిలింగును గుద్దింది. అద్దాలు ఎక్కడున్నాయో ఆయనకు దొరకలేదు. తెర అంచులు వెతుక్కుంటూ ముఖం అటూ ఇటూ తిప్పుతుంటే ఎదురుగా సిగ్నల్ దీపం ఎర్రగా మారింది, అదీ తప్పిపోయింది. తెర మీద జరిమానాలు వరసపెట్టి పడ్డాయి. ఈలోగా ల్యాప్‌టాప్ వేడెక్కి, ఫ్యాను జుట్టు ఆరబెట్టే యంత్రంలా మోత మొదలుపెట్టింది.

చివరి మంచం మీద పడుకున్న డ్రైవరు దుప్పటి తీసి, "ఎవరమ్మా ఆ పిండిమర?" అన్నాడు.

నిదానం కంట్రోలర్ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టి లేచాడు.

"చూశారు కదా. ఇప్పుడు మీ మనసు కుదుటపడి ఉంటుంది. నా వల్ల కాదని మీరు అప్పుడే చెప్పారు."

ఆయన వెళ్ళిపోయాడు. డ్రైవరమ్మ తెర మూసి, సంచిలో పెట్టి, మంచం మీద కూర్చుంది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఆయన్ని మళ్ళీ బండి ఎక్కించాలనుకుని, రెండోసారి కూడా తానే దింపినట్టయింది.

మర్నాడు తిరుగు దారిలో మొదటి సగం ఇప్పటి జోడీ నడిపాడు. ఆయన తాటిచెట్టంత పొడుగు, అందుకే డిపోలో పొడుగాయన అంటారు. బంకు దగ్గర మూడు ముక్కలూ చెప్పి దిగాడు. డ్రైవరమ్మ ఎక్కి, అలవాటుగా గొణుక్కుంటూ సీటు ముందుకు లాక్కుంది.

"ఇంత వెనక్కి జరిపి కూర్చుంటే ఎలా?" అంది.

"నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోమంటారు మరి? విరిచి జేబులో పెట్టుకోనా?" అన్నాడు పొడుగాయన.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. సీటు కింద మీట మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఈ గొణుగుడు పొడుగాయనతో మొదలైంది కాదు. దీనికి ముందు నిదానం మీద గొణిగేది. ఆఖరి రోజుల్లో, ఆయన నడిపి దిగిన ప్రతిసారీ సీటు వెనక్కి పోయి ఉండేది, చివరంటా. ఇద్దరూ దాని మీద పోట్లాడుకున్నారు కూడా. పొడుగాయన వెనక్కి జరిపాడంటే అంత పొడుగు కాళ్ళున్నాయి. నిదానం ఆమె భుజం దాటని మనిషి. అంత వెనక్కి జరిపితే ఆయన బొటనవేలు కూడా పెడల్‌కు సరిగ్గా అందదు. పొట్టివాడు సీటు ఎందుకు వెనక్కి జరిపాడు?

వెనక నుంచి ఎవరో "బండి తీస్తారా అమ్మా" అన్నారు. డ్రైవరమ్మ బండి తీసింది. రోడ్డు మీద చూపు, కాళ్ళూ చేతులూ పనిలో ఉన్నాయి గానీ ఆలోచన ఆ సీటు దగ్గరే ఉంది. ఊరు చేరేలోపు తెలిసింది. గొట్టంలోంచి చూసేవాడికి బస్సు ముందు అద్దం దగ్గరగా ఉంటే మధ్య ముక్కే కనపడుతుంది. వెనక్కి జరిగితే అద్దం మొత్తం ఆ గొట్టంలో పడుతుంది. ఆయనకు తన చూపు సంగతి తెలుసు. ఎవరికీ చెప్పుకోలేక, పెడళ్ళు అందకపోయినా, ఒక్కొక్క గాటూ వెనక్కి జరుగుతూ వచ్చాడు. ఆమె మాత్రం ప్రతిసారీ తిట్టుకుంటూ ముందుకు లాక్కుంది. అలాంటి మనిషి ముందు తీసుకెళ్ళి అంత తెర మూతి దగ్గర పెట్టింది.

బస్సు అప్పజెప్పి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా దుకాణానికి వెళ్ళింది.

"దీన్ని మార్చాలి తమ్ముడూ. మీ దగ్గర ఆట ఆడగలిగే వాటిలో అన్నిటికంటే చిన్న తెర ఏది?"

ఉద్యోగి అయోమయంగా చూశాడు. "చూపు తక్కువ ఆయన కోసం అన్నారు కదండీ. పెద్దదే మంచిది."

"చూపు తక్కువ కాదు, చూపు సన్నం. చిన్నది పెట్టు."

పెట్టాడు. పుస్తకాల సంచిలో పట్టేంత ఉంది. డ్రైవరమ్మ దాన్ని కౌంటరు మీద తెరిచి, రెండు అరచేతులూ గొట్టాల్లా చుట్టి కళ్ళకు ఆనించుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. ఫ్రిజ్ బేరం చేస్తున్న దంపతులను వీపుతో తాకి, క్షమించమని చెప్పి, ఇంకో అడుగు వేసింది. తెర నాలుగు మూలలూ ఆ గొట్టంలో పడ్డ చోట ఆగింది. పెద్దదాన్ని పక్కన పెట్టి చూస్తే, అదే చోటి నుంచి సగం కూడా పట్టలేదు. ఇంకా వెనక్కి వెళ్దామంటే దుకాణం తలుపు అడ్డొచ్చింది. విశ్రాంతి గదిలో అయితే గోడే అడ్డొస్తుంది.

ఫోనులో చెల్లెలు గోల పెట్టింది. "ఇంత చిన్నదాంట్లో ఏం ఆడతాం అక్కా? నా వాటా సంగతేంటి?"

"నీకు నాలుగు పక్కలా కనపడుతుంది కదే. సర్దుకో."

ఈసారి ప్రతిదీ దగ్గరుండి చూసుకుంది. చార్జరు అరచేతిలో ఇమిడింది. ఫ్యాను మోత తగ్గించే పద్ధతి ఏదో ఉందంటే అది పెట్టించి, ఆట నడుస్తుండగా చెవి ఆనించి విన్నది. బొమ్మ కాస్త మోటుగా వస్తుందని ఉద్యోగి హెచ్చరిస్తే, "అసలు రోడ్డూ అంత నున్నగా ఏం లేదులే" అంది. ప్లగ్గు వదులుగా ఉంటే ఏమవుతుందో చూడాలని చార్జరు పీకించింది. బ్యాటరీ మీద ఆట నీరసపడింది కానీ ఆగలేదు. చెల్లెలి చేత నెట్ లేకపోయినా ఆడేలా అన్నీ ఎక్కించుకుంది. వైర్లు లేకుండా దూరం నుంచి పనిచేసే కంట్రోలర్ ఒకటి తీసుకుంది.

తర్వాతి ట్రిప్పులో సంచి తీసుకుని విశ్రాంతి గదికి వెళ్ళలేదు. కౌంటరు మూసే వేళకు పార్సెల్ గదిలోకే వెళ్ళింది. నిదానం ఆఖరి పెట్టె మీద ముద్ర వేస్తున్నాడు. ఆమె భుజాన సంచి చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"మళ్ళీ తెచ్చారా? వద్దండీ. ఒకసారి నవ్వులపాలయ్యాను, చాలు."

ఆమె పెట్టెలు తూచే బల్ల మీద చిన్న ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది. ఆయన కుర్చీని బల్ల దగ్గర నుంచి ఈడ్చుకుంటూ వెళ్ళి గది మధ్యలో వేసింది. కంట్రోలర్ దాని మీద పెట్టింది.

"అంత దూరం వేశారేం?"

"నువ్వు పొట్టివాడివి అన్నా. సీటు చివరంటా ఎందుకు జరిపేవాడివో నాకు మొన్న బంకు దగ్గర తెలిసింది. అన్నేళ్ళు పక్కన కూర్చుని కూడా తెలుసుకోలేకపోయాను."

నిదానం చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. ఆమె బతిమాలలేదు. ఒక పెట్టె లాక్కుని, కుర్చీ పక్కన, బస్సులో తాను ఎప్పుడూ కూర్చునే వైపు కూర్చుంది. ఇవాళ కాకపోతే ఎల్లుండి, ఎల్లుండి కాకపోతే ఆ తర్వాతి ట్రిప్పు. సంచి ఎలాగూ మోస్తూనే ఉంటుంది. ఈ చిన్నది మోయడం కష్టమేమీ కాదు.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెర వైపు చూశాడు. లేచి, కుర్చీని ఇంకొక జానెడు వెనక్కి జరుపుకుని, మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు కంట్రోలర్ అందుకున్నాడు.

బండి కదిలింది. ఊరి వీధుల్లోంచి మెల్లగా పెద్ద రోడ్డెక్కింది. అద్దాలు ఆయనకు దొరికాయి. ఎర్ర దీపం దగ్గర గీత దాటకుండా ఆగాడు, ఆకుపచ్చ వచ్చాక కూడా ఒక క్షణం ఆగి కదిలాడు. ఆటలో కూడా వెనక లారీలు హారన్ మోగించడం మొదలుపెట్టాయి. ఆయన వేగం పెంచలేదు. డ్రైవరమ్మకు ఎంత నవ్వొచ్చిందో అంత సంతోషం వేసింది. కూడలి దగ్గర తెర అంచున ఒక కారు దూసుకొస్తుంటే ఆమె "ఎడమ" అంది, అరవకుండా, మామూలుగా. ఆయన బ్రేకు మీద వేలు వేశాడు. కారు వెళ్ళిపోయింది. ఈ మధ్యలో కిటికీ బయట చీకటి పడింది, ఇద్దరూ దీపం వేయడం మర్చిపోయారు.

తెర మీద ఒక పెట్రోలు బంకు వచ్చింది. నిదానం ఇండికేటర్ వేసి, బండిని పక్కకు తీసి, ఆపాడు. ఇంజను ఆపాడు. కుర్చీలోంచి లేచి, కంట్రోలర్ను ఆమె చేతికి ఇచ్చాడు.

"బండి బాగుంది అమ్మాయ్" అన్నాడు. ఆ వెంటనే, రెండేళ్ళలో ఎవరి ముందూ ఒప్పుకోని మాట అనేశాడు. "ఎడమ పక్క నాకు కనపడట్లేదు, నువ్వు చూసుకో. జనం నిద్రలో ఉన్నారు."

"సరే అన్నా" అంది ఆమె.

ఆయన పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. డ్రైవరమ్మ కుర్చీలో కూర్చుని, కళ్ళు తుడుచుకుని, గొణగకుండా సీటు ముందుకు జరుపుకుంది.